ముక్కులో పండని జలుబు

శనివారం

ఈ ఏటి జలుబు నా వంతుకు వచ్చింది. దిగువపేటలో నాలుగు వందల ముక్కులుండగా చీటీల్లో నా ముక్కే రావాలా అని లోపల ఏడుస్తున్నాను, బయటికి మాత్రం నవ్వుతున్నాను. ఊరందరికీ పంచాల్సిన జలుబును ముందుగా తన ముక్కులో మోసేవాడిని ఇక్కడ మోతరి అంటారు. మోతరి కావడం పెద్ద గౌరవం. ఆ గౌరవం పక్కింటివాడికి దక్కితే నేనూ చప్పట్లు కొట్టేవాడిని.

మోతరి అయినవాడు రోజువారీ సంగతులు రాసి పేట పెద్దకు అప్పగించడం ఆనవాయితీ. ఎలా రాయాలో తెలుసుకుందామని పాతవి తెచ్చి చదివాను. "అందరి దయవల్ల ఈ పూట చక్కగా తుమ్మాను" అని ఒకాయన రాశాడు. ఒకావిడ తన చీమిడి రంగును పూటపూటకూ వర్ణించింది. చదవడం అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కున్నాను. నేను అలాంటి మనిషిని. ఇన్నేళ్ల కాపురంలో మా ఆవిడ ఈశ్వరి తాగిన గ్లాసును కూడా తొలవకుండా ముట్టలేదు.

నా ఉద్యోగమూ అలాంటిదే. సముద్రం అడుగున ఉన్న మా పేటకు పైనుంచి వచ్చే గాలిని వడపోసేది నేనే. పొద్దున్నే పెద్ద గొట్టం దగ్గరికి వెళ్లి జల్లెడలు విప్పి, ఉతికి, ఆరబెట్టి, మళ్లీ బిగిస్తాను. నా చెయ్యి దాటి ఒక్క రోగం లోపలికి రాలేదని మీసం తిప్పుకుంటూ ఉంటే డాక్టర్ తవిటమ్మగారు, "నీ పనితనమే మన రోగం నాయుడూ" అంటుంది. గాలి మరీ శుభ్రంగా ఉంటే ఒంట్లో కాపలా కాసే కణాలకు పని ఉండదట. పని లేని కాపలావాడు ఇంటివాళ్లనే కొడతాడట. కీళ్లు వాస్తాయి, చర్మం కందిపోతుంది. అందుకని పేటలో అందరం పొద్దున్నే నాలుక మీద దిగుడు చుక్కలు వేసుకుంటాం, కాపలావాళ్లను జోకొట్టడానికి. వాళ్లను లేపి నిలబెట్టే ఎగుడు చుక్కలు వేరే ఉన్నాయి. అవి జల్లెడలు ముట్టుకునే నాకూ, నేల మీదికి వెళ్లొచ్చేవాళ్లకూ ఇస్తారు.

ఇక ఏడాదికోసారి చిన్న సీసాలో జలుబు దిగుతుంది. దానితో కుస్తీ పట్టిన కాపలావాళ్లు మళ్లీ ఏడాది దాకా బుద్ధిగా ఉంటారు. సీసాలోది నీరసపు సరుకు, ఎవరికీ అంటదు. పెద్దవాళ్ల ముక్కులో నాలుగు రోజులు పండితేనే పదిమందికీ పాకుతుంది. ఇవాళ డాక్టరమ్మ నన్ను వెల్లకిలా పడుకోబెట్టి ఆ సీసా నా ముక్కులో వంచింది. ఈశ్వరి పక్కన నిలబడి నా పాదాలు పట్టుకుంది. ప్రేమతో కాదు, నేను తన్నకుండా.

ఈ పేజీ ఎలాగూ చించేస్తాను కాబట్టి ఒక సంగతి రాసుకుంటాను. జలుబు పట్టాలంటే ముక్కు మెత్తబడాలి. అందుకు మోతరి ముందునుంచే దిగుడు చుక్కలు రెట్టింపు వేసుకోవాలి. నేను ఒక్కరోజు వేసుకున్నాను. సాయంత్రానికి గొంతు గరగరలాడినట్టయింది. అయిపోయింది, పోతున్నాను అనుకున్నాను. మర్నాటి నుంచి దిగుడు మానేసి, దాచుకున్న ఎగుడు చుక్కలు రెండు పూటలా వేసుకుంటున్నాను. జలుబు రాకూడదని కాదు. కాస్త మర్యాదగా రావాలని.

సోమవారం

జలుబు మరీ మర్యాదస్తురాలిలా ఉంది. గుమ్మం బయటే ఆగిపోయింది. అద్దం ముందు నిలబడి ముక్కులోకి దీపం వేసి చూసుకున్నాను. చుక్క తడి లేదు. సంతోషించాలో బెంగపడాలో తెలియక జల్లెడలు ఉతకడానికి పోయాను.

నాచు తోటలకు పోయేవాళ్లు కొడవళ్లు భుజాన వేసుకుని ఎదురొచ్చారు. "ఏటి మావా, కారతందా?" అని ఒకటే పలకరింపు. "మొదలైంది" అన్నాను. ఒకతను నా తుమ్ము తన మీద పడుతుందేమోనని ఆశగా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. నేల మీద ఎవరైనా తుమ్మితే జనం దూరం జరుగుతారట. వాళ్లకేం, జలుబులు ఊరికే దొరుకుతాయి.

సాయంత్రం పక్కింటి దమయంతి పాపను ఎత్తుకుని వచ్చింది. చుట్టరికం లేకపోయినా నన్ను చిన్నాన్నా అంటుంది. ఆమె మొగుడు కూర్మారావు నాచు కోసే పనివాడు. పాప పేరు పైడి, ఐదో నెల. పుట్టినప్పుడు బొద్దుగా ఉండేది. ఇప్పుడు బుగ్గలూ మోచేతి మడతలూ ఎర్రగా పచ్చిగా ఉన్నాయి. గోక్కోకుండా చేతులకు గుడ్డసంచులు కట్టారు.

"సిన్నాన్నా, పళ్లు రాని గుంటకి దిగుడు సుక్కలు ఎయ్యకూడదంట. ఊపిరి నిలిసిపోతాదంట" అంది దమయంతి. "జలుబొక్కటే దారంట. ఇది తప్పిపోతే తుపాన్లు ఎల్లిపోయినంత దాకా మరో సీసా దిగదు. అన్నాళ్లు ఇది ఆగదని డాక్టరమ్మ సెప్పీసింది. మొహమాటం నేకుండా సెప్పీసింది."

"ఎల్లుండే కదమ్మా ఎంగిలి పంచేది. ఇంకెంత సేపు?" అన్నాను.

"నీ ముక్కు మీదే ఆశ పెట్టుకుని ఉన్నాను సిన్నాన్నా. ఒకసారి ఎత్తుకోవా?"

పాప గడ్డం మీదుగా చొంగ కారుతోంది. చేతులకు జల్లెడ మందు అంటుకుందని అబద్ధం చెప్పి వెనక పెట్టుకున్నాను. దమయంతి పాపను మళ్లీ భుజానికెత్తుకుంది. పాప మాత్రం నా మీసం వైపు చెయ్యి చాచి, గుడ్డసంచి అడ్డమొచ్చి, కోపంగా ఏడ్చింది.

వాళ్లు వెళ్లగానే ఎగుడు సీసా పారబోశాను. దిగుడు చుక్కలు నాలుగు వేసుకుని, దండం పెట్టి పడుకున్నాను.

మంగళవారం

రాలేదు. మెడ కిందికి వేలాడేసి చూశాను, గాలిగొట్టం ముందు తల తడిపి కూర్చున్నాను. ఉన్న జలుబును ఎగుడు చుక్కలు ఎప్పుడో తినేశాయని నాకు తెలుసు. తెలిసినా, సిగ్గుపడి లోపల ఎక్కడో దాక్కుందేమోనని నాకు నేను చెప్పుకుంటున్నాను.

మధ్యాహ్నం ఈశ్వరి వంటింట్లోకి వచ్చేసరికి నేను మిరియాల పొడి చిటికెడు పట్టుకుని తుమ్ము సాధన చేస్తున్నాను.

"ఏటయ్యా అది?"

చెప్పేశాను. ఈశ్వరి దగ్గర అబద్ధం ఎక్కువసేపు నిలవదు. ఆమె బూరెల పిండి కలుపుతోంది. విన్నంతసేపూ కలుపుతూనే ఉంది.

"డాక్టరమ్మ కాడికి పద" అంది.

"రేపు ఊరంతా గుమ్మాల్లో నిలబడతారు. ఇప్పుడు లేదంటే ఏం బాగుంటుంది?"

"నేని జలుబుని ఉన్నాదని సెప్తే బాగుంటాదా?"

"ఉందేమో. రేపటికి బయటపడుతుందేమో."

"నీ ముక్కు సంగతి నాకు తెలవదు. నీ సిగ్గు మాత్రం బాగా ముదిరిపోనాది" అని ఈశ్వరి పిండిచెయ్యి నా చొక్కాకు తుడిచింది. మామూలు రోజైతే చొక్కా మార్చుకుని ఉండేవాడిని. ఆమెను మాత్రం ఎవరికీ చెప్పొద్దని బతిమాలాను. బుధవారం సాయంత్రం దాకా గడువిచ్చింది.

బుధవారం

ఎంగిలి రోజు. నేల మీది మనుషులకు ఎంగిలి అంటే అసహ్యమని విన్నాను. నాకూ అసహ్యమే, అయితే నేను ఇక్కడ పుట్టాను. ఇక్కడ మోతరి ఇంటింటికీ వెళ్లాలి. ప్రతి గుమ్మంలోనూ వేడివేడి బూరె పెడతారు. మోతరి కొంచెం కొరికి తిరిగి ఇస్తే, ఆ మిగిలింది ఇంటిల్లిపాదీ తలా కాస్త తుంచుకుని కళ్లకద్దుకుని తింటారు. అలా జలుబు అందరికీ చేరుతుంది.

నా మెడలో నాచుపూల దండ వేశారు. ముందు డప్పులు. నేను చిటికెడు మిరియాల పొడి గోటిలో దాచుకుని నడిచాను. మూడు గుమ్మాలకొకటి చొప్పున తుమ్మాను. మొదటి తుమ్ముకే పేట పెద్ద లోకనాథంగారు చప్పట్లు కొట్టి, "ఇది తుమ్మంటే. కిందటేడు మోతరి పిల్లి తుమ్మినట్టు తుమ్మీవోడు" అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకు ఆ మాట నచ్చింది. తర్వాతి తుమ్ము ఇంకాస్త గట్టిగా తుమ్మాను. ఇంత అబద్ధంలోనూ పనితనం చూపించాలనుకునే వెధవను నేను. ఒక వీధి దాటేసరికి బూరెలతో పొట్ట బిగుసుకుపోయింది, ఆ తర్వాత పంటితో తాకించి ఇచ్చేశాను.

పాలు తాగే పిల్లలకు బూరె కుదరదు కాబట్టి మోతరి ఒళ్లోకి తీసుకుని మొహం దగ్గర మొహం పెట్టి ఊపిరి వదలాలి. దమయంతి గుమ్మంలో ముగ్గు వేసి ఉంది. పాపకు కొత్తగౌను తొడిగారు. పైడి నన్ను చూసి నవ్వింది. నేను తుమ్మాను. నా గోటిలోని ఘాటు పాపకు తగిలింది. ఉక్కిరిబిక్కిరై, ఎర్రబడి, గుక్కపట్టి ఏడ్చింది.

"తగిలింది! తగిలిందర్రా!" అని దమయంతి నా కాళ్లకు దండం పెట్టింది. కూర్మారావు కళ్లు తుడుచుకుని డప్పువాళ్లతో కలిసి గంతులేశాడు. నాకు అక్కడే చచ్చిపోవాలనిపించింది. చావలేదు. పక్కింటికి వెళ్లి ఇంకో బూరె కొరికాను.

ఎంగిలి తిన్న ప్రతి ఇంట్లోనూ దిగుడు సీసాను గుడ్డలో కట్టి గుమ్మానికి వేలాడదీస్తారు. జలుబు వచ్చి పోయేదాకా ముట్టుకోరు, కాపలావాళ్లు మేలుకుని దానితో తలపడాలని. సాయంత్రానికి పేటంతటా గుమ్మాలకు సీసాలు వేలాడుతున్నాయి. కాపలావాళ్లు లేచారు. తలపడడానికి ఎదుట ఎవరూ లేరు.

ఈశ్వరి ఇంటికొచ్చాక ఒక్క మాటే అడిగింది. "సెప్పినావా?"

"ఇంత సంతోషంలో ఎలా చెప్పను?"

ఆమె నా కంచంలో అన్నం పెట్టి, తన కంచం తీసుకుని అవతలి గదిలోకి పోయింది. మా ఇంట్లో కంచాలు వేరు పెట్టేది నేను. ఈసారి ఆమె పెట్టింది.

శుక్రవారం

పేటంతా వాచిపోయింది. వేళ్లు, మోకాళ్లు, చీలమండలు. పెదవులు పొంగినవాళ్లు కొందరు. ఒక్కరూ తుమ్మలేదు. అయినా ఎవరికీ అనుమానం రాలేదు. కుంటుకుంటూ వచ్చి నన్నే మెచ్చుకుంటున్నారు.

"ఈ యేడు జలుబు గట్టిది మావా. ముక్కులోకి దిగకుండా సీదా కీళ్లలోకి ఎల్లిపోనాది" అన్నాడొకడు, గర్వంగా తన మోకాలు చూపిస్తూ. మోతరిలో బలం ఉండబట్టేనట. నేను తల ఊపాను. ఊపకుండా ఏం చెయ్యాలో తోచలేదు.

తోటల్లో కోత ఆగిపోయింది. కూర్మారావు కొడవలి పిడి పట్టుకోలేక తిరిగి వచ్చాడు. నేను వాళ్లింటికి వెళ్లాలా వద్దా అని గుమ్మంలో తచ్చాడుతుంటే దమయంతే పిలిచింది.

పైడి కళ్లు మూసుకుపోయాయి. నిద్ర కాదు, రెప్పలు వాచి తెరుచుకోవడం లేదు. మెడ మడతల్లో నీరు చిమ్ముతోంది. రొమ్ము అందిస్తే ఒకసారి లాగి వదిలేసి మూలుగుతోంది. ఏడవడానికి కూడా ఓపిక లేని మూలుగు.

"జలుబు లోపల పని సేస్తన్నాదా సిన్నాన్నా? ఇలగే ఉంటాదా ముందు?" అని అడిగింది దమయంతి. ఎవరూ అవునని చెప్పలేదు కాబట్టి నన్ను అడుగుతోంది. మోతరిని కదా.

ఇంటికొచ్చి ఈశ్వరి ముందు కూర్చున్నాను. "నాకు భయంగా ఉంది" అన్నాను. "మంచిది. ఆ బయంతోనే లెగు" అంది.

శనివారం

డాక్టరమ్మ నేను చెప్పింది విని తిట్టలేదు. తిడితే బాగుండేది. లేచి వెళ్లి గాలిగంట మోగించింది. గొట్టం పగిలినప్పుడు మాత్రమే మోగించే గంట అది. పేటంతా కుంటుకుంటూ సావిట్లోకి వచ్చింది. నన్ను బోర్లించిన నాచుతొట్టి మీద నిలబెట్టింది.

"ముందు అందరూ సీసాలు విప్పి దిగుడు చుక్కలు వేసుకోవాలి. ఎందుకో ఇతను చెబుతాడు" అంది.

చెప్పాను. గొప్పగా చెప్పానని రాసుకోవాలని ఉంది, కానీ మధ్యలో రెండుసార్లు నేను పడ్డ కష్టాల గురించి మొదలుపెట్టాను. ఈశ్వరి దగ్గింది. మళ్లీ దారిలోకి వచ్చాను. ఎగుడు చుక్కలు, మిరియాల పొడి, అన్నీ చెప్పేశాను. ఈ కాగితాలు లోకనాథంగారి చేతిలో పెట్టాను. చించేస్తానన్న పేజీ ఆయనే పైకి చదివాడు. "కాస్త మర్యాదగా రావాలని" అన్న చోట ఎవరూ నవ్వలేదు. రాసేటప్పుడు నేను నవ్వుకున్నాను.

కూర్మారావు జనాన్ని తోసుకుని వచ్చాడు. కొట్టడానికి పిడికిలి బిగించబోయాడు. వేళ్లు ముడుచుకోలేదు. వాచిన చేతిని చూసుకుని, నన్ను చూసి, చెయ్యి దించేశాడు. కొట్టి ఉంటే నేను ఇంకొంచెం తేలిగ్గా నిద్రపోయేవాడిని.

"నా గుంట మొకం మీద మిరియాలు సల్లినావా?" అన్నాడు.

లోకనాథంగారు కాగితాలు మడిచి నాకు తిరిగి ఇచ్చాడు. "నీ ఎంగిలి ఈ పేటలో ఇంక ఎవులూ ముట్టరు నాయుడూ" అన్నాడు. నేను జీవితమంతా కోరుకున్నది అదే అనుకుంటాను. ఆ మాట విన్నాక తొట్టి దిగడం మర్చిపోయాను.

అందరూ వెళ్లాక డాక్టరమ్మ నన్ను లోపలికి తీసుకెళ్లింది. జలుబు సీసా కడిగిన నీళ్లు కాసిని దాచి ఉంచిందట. కానీ అది పండడానికి ముక్కు కావాలి. మూడు రోజులుగా దిగుడు మానేసి కూర్చున్న పేటలో అందరి కాపలావాళ్లూ కర్రలు పట్టుకుని నిలబడి ఉన్నారు. జలుబు దిగిన క్షణమే చంపేస్తారు. సోమవారం నుంచీ నాలుగేసి దిగుడు చుక్కలు వేసుకున్నది నేనొక్కడినే.

"పేటలో మెత్తని ముక్కు నీదొక్కటే. నా కర్మ" అంది డాక్టరమ్మ. "ఇంకా మెత్తబడాలంటే దిగుడు సూది వెయ్యాలి. వేస్తే కాపలావాళ్లు పూర్తిగా పడుకుంటారు. జలుబు ముక్కులోనే ఆగుతుందో, ఊపిరితిత్తుల్లోకి దిగుతుందో చెప్పలేను. బలవంతం లేదు."

నేను ధైర్యంగా చెయ్యి చాచలేదు. కాళ్లు కడుక్కుని వస్తానని చెప్పి లేచాను. తలుపు దగ్గర ఈశ్వరి అడ్డంగా నిలబడి ఉంది. ఏడుస్తోంది. ఆమె ఏడవడం నేను చాలా తక్కువసార్లు చూశాను. వెనక్కి వచ్చి చొక్కా చెయ్యి పైకి మడిచాను. సూది గుచ్చేటప్పుడు పెద్దగా అరిచాను కూడా.

సోమవారం

వచ్చింది.

పొద్దున గొంతులో చిన్న గరగర. తర్వాత పైపెదవి మీద ఏదో వెచ్చగా తగిలింది. వేలితో తాకి చూశాను. తడి. గట్టిగా అరిస్తే ఈశ్వరి గ్లాసు పడేసుకుని పరుగెత్తుకొచ్చింది. ఇద్దరం ఆ చుక్కను దీపం కింద పెట్టి చూశాం. రంగు వర్ణించిన ఆవిడను వెక్కిరించినందుకు చెంపలు వేసుకున్నాను. నీళ్లలా తేటగా, ముత్యంలా ఉంది.

మధ్యాహ్నానికి ముత్యాలు ధారలయ్యాయి. ఒళ్లు కాలిపోతోంది, అక్షరాలు వంకర పోతున్నాయి. దగ్గితే డొక్క పట్టేస్తోంది. డాక్టరమ్మ గంటగంటకూ వచ్చి వీపు మీద చెవి ఆనించి వింటోంది. ఆవిడ మొహంలో ఏమైనా కనిపిస్తుందేమోనని నేను వెనక్కి తిరిగి చూస్తున్నాను. తిరగొద్దని కసురుతోంది.

నిజంగా తుమ్మితే ఇలా ఉంటుందని నాకు తెలియదు. మిరియాల తుమ్ము దీని ముందు నాటకాల వేషం.

మంగళవారం

దమయంతి వచ్చింది. పాప భుజం మీద వాలిపోయి ఉంది. కూర్మారావు గుమ్మం బయట గోడకు ఆనుకుని, మొహం పక్కకు తిప్పుకుని నిలబడ్డాడు.

"ఆడు ఒద్దన్నాడు" అంది దమయంతి. "నాను నిన్ను నమ్మి రానేదు సిన్నాన్నా. నాకు యేరే దారి నేక వొచ్చినాను. అది తెలుసుకో."

"తెలుసమ్మా."

"మిరియాలు నేవు కదా?"

రెండు అరచేతులూ తిప్పి చూపించాను. ఆమె గోళ్ల కింద కూడా చూసింది. సిగ్గు లేదు నాకు, చూడాల్సిందే. అప్పుడు పాపను నా ఒళ్లో పెట్టింది.

పైడి బరువు తక్కువగా, వేడిగా ఉంది. మొహం దగ్గర మొహం పెట్టాను. ఊపిరి వదలబోయి ఆగిపోయాను. డాక్టరమ్మ పక్కనే ఉన్నా, ఈ దగ్గు పాపకు పడితే ఏమవుతుందో అనుకున్నాను. నా ప్రాణం గురించి ఎంత భయపడ్డానో అంతకు రెట్టింపు భయం వేసింది. ఇంకొకరి కోసం భయపడడం నాకు అలవాటు లేదు, అందుకే తట్టుకోలేకపోయాను. "నావల్ల కాదు, తీసుకో" అనబోయాను.

పాప కళ్లు సన్నని చీలికలా తెరిచింది. మొన్న అందని మీసం ఇప్పుడు అందింది. గుడ్డసంచి చేత్తో నా పైపెదవిని ఒక్క రుద్దు రుద్ది, ఆ సంచిని నోట్లో పెట్టుకుని చప్పరించింది.

"తీసీసుకుంది" అంది దమయంతి, ఊపిరి బిగబట్టి.

ఆ తర్వాత నేనూ ఊపిరి వదిలాను. పాపను వెంటనే తిరిగి ఇవ్వలేదు. అడిగేదాకా ఒళ్లోనే ఉంచుకున్నాను.

శుక్రవారం

రెండు రోజులు ఏమీ రాయలేదు. రాయడానికి లేదు. పక్కింటి గోడకు చెవి ఆనించి కూర్చోవడం తప్ప వేరే పని చెయ్యలేదు. నిన్న సాయంత్రం పాపకు జ్వరం వచ్చిందని ఈశ్వరి చెప్పింది. అంతకన్నా ఏమీ తెలియలేదు.

ఇవాళ పొద్దున గోడ అవతల ఒక చిన్న చప్పుడయింది. నేను మంచం మీదనుంచి లేచి నిలబడ్డాను. ఇంకోసారి అయింది. తర్వాత దమయంతి గొంతు, "నూరేళ్లు! నూరేళ్లమ్మా!" అని. ఆ పైన ఈశ్వరి నన్ను పట్టుకుని ఏడుస్తోందో నేను ఆమెను పట్టుకుని ఏడుస్తున్నానో గుర్తులేదు.

డాక్టరమ్మ చూసి వచ్చి చెప్పింది. పాపకు చక్కని జలుబు. కాపలావాళ్లకు చేతినిండా పని దొరికింది. చర్మాన్ని వదిలేశారు. మెడ మీద నీరు ఆరిపోయింది, రెప్పలు దిగాయి, రొమ్ము పట్టుకుని వదలడం లేదు. నా ఊపిరితిత్తులు కూడా నిలబడ్డాయని చివర్లో ఒక మాట కలిపింది, మర్చిపోయి గుర్తొచ్చినట్టు.

పేటలో మిగిలినవాళ్లకూ జలుబు కావాలి. దిగుడు చుక్కలు మళ్లీ వేసుకున్నాక వాపులు తగ్గాయి, ముక్కులు మెత్తబడ్డాయి. నా దగ్గర జలుబు ఇంకా దండిగా ఉంది. కానీ నా గుమ్మం వైపు ఎవరూ రాలేదు. లోకనాథంగారు అన్న మాట మీద పేట నిలబడింది. మధ్యాహ్నం చూస్తే అందరూ దమయంతి ఇంటి ముందు వరుసలో ఉన్నారు. దమయంతి బూరెలను ఒక్కొక్కటిగా పాప పెదవులకు తాకిస్తోంది. పాప ప్రతి బూరెనూ చొంగతో తడిపి, చేతికి దొరికితే లాక్కోబోతోంది. ముసలి లోకనాథంగారు తన ముక్క రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకున్నాడు. ఐదు నెలల మోతరి మా పేటలో ఇదివరకు లేదు.

నేను కిటికీ రెక్క చాటున నిలబడి చూశాను. సంతోషంగా ఉంది. నన్ను ఎవరూ చూడకపోవడం కూడా బాగానే ఉందని అనుకున్నాను. అది అబద్ధం. చాలా బాధగా ఉంది.

"సిన్నాన్నా, ఇటు రా" అని దమయంతి కేకేసింది. వరుసంతా ఇటు తిరిగింది.

గుమ్మం దాకా వెళ్లాను. ఆమె చేతిలో ఒక బూరె ముక్క ఉంది.

"నాకెందుకమ్మా? ఆ జలుబు నా దగ్గర్నించి వెళ్లిందే కదా" అన్నాను.

"నాకు తెలవదేటి? దీని ఎంగిలి పేటలో అందరూ తింటన్నారు. నువ్వు ఈ పేటోడివి కావేటి?"

ముక్క నోట్లో పెట్టుకున్నాను. తడిగా, తియ్యగా ఉంది. నములుతూ గుమ్మానికి అడ్డంగా అలాగే నిలబడిపోయాను. వెనక ఎవరో భుజం మీద చెయ్యి వేశారు. చూస్తే కూర్మారావు, బూరెల పళ్లెం పట్టుకుని.

"జరుగు మావా" అన్నాడు. "ఎనకాల ఇంకా శానామంది ఉన్నారు."